లేచిన కడలి, లేవని కడలి

కార్తీక అమావాస్య వచ్చిందంటే కారంపూడిలో ప్రతి ఇంటా చుట్టాలే. వీరుల తిరునాళ్ళ అయిదు దినాలూ నాగులేటి ఒడ్డున నేల యీనినట్లు జనం. ఈ యేడు మా పెద్దక్కయ్య కూడా వచ్చింది. ఆమె మెట్టినిల్లు బందరుకు దాపున, రాత్రివేళ సముద్రపు హోరు వినవచ్చే ఒక పల్లె. వయస్సు డెబ్బై అయిదు దాటినా మాటలో పదును తగ్గలేదు.

కోడిపోరు నాటి రాత్రి భోజనాలైన తరువాత వసారాలో నాపబండల మీద చాప పరచుకొని కూర్చున్నాము. లోపల టీవీలో ఎక్కడో సముద్రగర్భంలో భూకంపమని వార్త వస్తున్నది. అక్కయ్య ఆ మాట విని నా వైపు తిరిగింది.

"ఒరే తమ్ముడూ, మళ్ళీ ఫోను చేసి నన్ను లేవగొడతావేమో! ముందే చెబుతున్నా. ఈసారి నేను కదలను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని నాకు లోపల కలుక్కుమన్నది. ఎందుకో చెప్పాలంటే రెండు తేదీల వృత్తాంతం చెప్పాలి.

మొదటిది 2004 డిసెంబరు 26, ఆదివారం, మార్గశిర పౌర్ణమి. ఉదయం ఆరున్నరకు ఒకటి రెండు నిమిషాల ముందు సుమత్రా దీవి పడమటి తీరాన సముద్రం అడుగున భూమి కదిలింది. పరిమాణం 9.1. హిందూ మహాసముద్రానికి అప్పటికి సునామీ హెచ్చరిక వ్యవస్థ అంటూ ఏదీ లేదు. రెండున్నర గంటల తరువాత మన తీరానికి నీళ్ళు వచ్చాయి. మంగినపూడి వద్ద పౌర్ణమి స్నానాలకు వెళ్ళినవారు నీటిలో ఉండగానే వచ్చాయి. వారిలో మా అక్కయ్య తోటికోడలు ఒకతె. ఆమె తిరిగి రాలేదు. రాష్ట్రంలో మృతులు నూరుమందికి పైన, మొత్తం పదునాలుగు దేశాలలో రెండు లక్షల పాతికవేలకు పైన. "సునామీ" అన్న మాటను ఆనాటి దాకా నేను ఏ తరగతిలోనూ పలికి ఎరుగను.

రెండవది 2012 ఏప్రిల్ 11, బుధవారం. ఒంటిపూట బడులు. నేను ఇంటికి వచ్చి, భోజనం చేసి, నడుము వాల్చాను. మధ్యాహ్నం రెండు దాటిన తరువాత టీవీలో ఎర్రని అక్షరాలు: సుమత్రా సమీపంలో 8.6. చెన్నైలోనూ విశాఖపట్నంలోనూ జనం మేడలు దిగి వీధులలోకి వచ్చారన్నారు. నాకు తోటికోడలే కళ్ళముందు మెదిలింది. అక్కయ్యకు ఫోను చేసి, "ఉన్నపళాన బయలుదేరు, ఏమీ సర్దుకోవద్దు" అన్నాను. ఆమె చూడిగేదె పలుపు విప్పి, దాని దారిన దానిని వదలి, మనుమలను తీసుకొని ఎత్తయిన చోటికి వెళ్ళింది. సాయంత్రం నాలుగుంపావు వేళ అదే ప్రాంతంలో మరొకటి, 8.2. నేను మళ్ళీ ఫోను చేశాను. చీకటి పడింది, తెల్లవారింది. సముద్రం తన చోటనే ఉన్నది. గేదె మాత్రం మరి కనబడలేదు.

ఆనాటి నుంచి ఆ గేదె నా ఖాతాలో ఉన్నది. అది పోయినందుకు కాదు నా బాధ. "అంకె పెద్దదన్నావు, ఏదీ సముద్రం?" అన్న ఆమె ప్రశ్నకు నా వద్ద సమాధానం లేకపోయింది. తెలుగు పండితుడికి వ్యాకరణం తెలుస్తుంది గాని భూగర్భం ఏమి తెలుస్తుంది? సమాధానం లేని హెచ్చరికను రెండవసారి ఎవరూ నమ్మరు. ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికి, తెలిసినవారిని అడిగి, చదివి, అర్థం చేసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాను. తప్పులుంటే విజ్ఞులైన మిత్రులు దిద్దగలరు.

మొదట అంకె సంగతి. పత్రికలు ఇప్పటికీ "రిక్టరు స్కేలుపై" అని వ్రాస్తున్నా పెద్ద భూకంపాలకు నేడు వాడే కొలత వేరు. దానిని మూమెంట్ మాగ్నిట్యూడ్ అంటారు. అది మూడింటి లబ్ధం మీద ఆధారపడుతుంది: భూమిలో పగిలి జారిన తలం వైశాల్యం, అది జారిన దూరం, అక్కడి శిల బిగువు. ఈ కొలతలో ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి రెండింతలో పదింతలో కాదు, సుమారు ముప్పై రెండింతలు. అర అంకె పెరిగితే అయిదున్నర రెట్లు. అంటే 2012 నాటి 8.6 కంటె 2004 నాటి 9.1 శక్తిలో దాదాపు ఆరింతలు.

మన అనుభవంతో పోల్చితే మరింత స్పష్టమవుతుంది. 2020 జనవరి 26 తెల్లవారుజామున రెండున్నర దాటాక పులిచింతల ప్రాంతంలో భూమి కంపించింది. 4.6 అన్నారు. మా వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. నేను లేచి కూర్చునేసరికే అంతా అయిపోయింది. 2004 నాటి భూకంపంలో అటువంటివి దాదాపు యాభై ఆరు లక్షలు ఇమిడి ఉన్నాయి. మా గ్లాసులు మోగింది కొన్ని క్షణాలు. సుమత్రా దగ్గర మొదలైన పగులు అండమాను దీవుల దాకా పరుగెత్తడానికి ఎనిమిది పది నిమిషాలు పట్టింది.

ఇక అసలు విషయం. భూమి పైపొర ఒకే చిప్ప కాదు. అది కొన్ని మహాఫలకాలుగా విడివడి ఉన్నది. ఆ ఫలకాలు ఏడాదికి కొద్ది సెంటీమీటర్ల చొప్పున కదులుతూ ఉంటాయి. రెండు ఫలకాలు కలిసే చోట్లలో ఒక రకం, ఒకటి వంగి రెండవదాని కిందికి దూరే చోటు. శాస్త్రజ్ఞులు సబ్‌డక్షన్ జోన్ అంటారు. ఈ వ్యాసం మేరకు నేను "దూరుడు అంచు" అంటాను. మరొక రకం పగుళ్ళలో ఇరువైపుల నేల పైకీ పోదు, కిందికీ పోదు. ఒకదానినొకటి ఒరసుకుంటూ పక్కకు జరుగుతుంది. దీనిని స్ట్రైక్-స్లిప్ అంటారు. నేను "ఒరపిడి పగులు" అంటాను.

పాతికేళ్ళ పైన సంధులు చెప్పినవాడిని కాబట్టి నాకు ఇలా తట్టింది. రాముడు, అతడు కలిస్తే "రాముడతడు" అవుతుంది. ముందున్న ఉకారం రాబోయే అచ్చు కిందికి పోయి మాయమవుతుంది. దూరుడు అంచు అటువంటిది. మా, అమ్మ కలిస్తే "మాయమ్మ". ఏ అచ్చూ లోపించదు, రెండూ పక్కపక్కనే నిలుస్తాయి, నడుమ ఒక యకారం పుడుతుంది. ఒరపిడి పగులు ఇటువంటిది. పోలిక ఇంతవరకే పనికివస్తుంది. భూకంపపు బలం ఎందుకు మారుతుందో సంధి చెప్పదు. దానికి తలం వైశాల్యం చూడాలి.

ఒరపిడి పగులు సాధారణంగా గోడవలె నిట్టనిలువుగా ఉంటుంది. ఖండాల కింద పదిహేను ఇరవై కిలోమీటర్ల లోతు దాటితే వేడికి రాయి మెత్తబడుతుంది. మెత్తబడిన రాయి పట్టుపట్టి ఉండి ఒక్కసారిగా తెగదు, మెల్లగా సాగిపోతుంది. కాబట్టి గోడ ఎంత పొడవైనదైనా దాని ఎత్తు ఆ పదిహేను ఇరవై కిలోమీటర్లే. దూరుడు అంచు అలా కాదు. ఏటవాలుగా, చాలా తక్కువ వాలుతో దిగుతుంది. పైగా దిగే ఫలకం సముద్రపు అడుగున చల్లబడినది; ఆ చల్లదనాన్ని తనతో లోపలికి తీసుకుపోతుంది. అందుచేత నలభై యాభై కిలోమీటర్ల లోతు దాకా పట్టు వదలదు. ఆ వాలు వెంట కొలిస్తే వెడల్పు నూట యాభై, రెండు వందల కిలోమీటర్లు వస్తుంది.

మా వసారాలో అక్కయ్యకు ఇదే చూపాను. గోడకు నిలువుగా చేరవేసిన నాపరాయి చూడు, నేలకు తగిలేది అంచు మాత్రమే. అదే రాయిని పక్క రాయి మీద వాల్చి పడుకోబెట్టు, ఒరుసుకొనే మేర ఎంత పెరిగిందో చూడు.

లెక్కలలో చెబుతాను. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోను కూల్చినది ఒరపిడి పగులు. దాని పేరు శాన్ ఆండ్రియాస్. నాడు పగిలిన పొడవు 470 కిలోమీటర్ల పైన, లోతు పది పదిహేను. ఆ తలాన్ని పడుకోబెడితే ఇంచుమించు మా పల్నాడు జిల్లా అంత. పరిమాణం 7.9. 2004లో సుమత్రా వద్ద పగిలిన పొడవు దాదాపు 1,300 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి తిన్నని గీత గీస్తే వచ్చేటంత. వెడల్పు నూట యాభై అనుకొన్నా వైశాల్యం ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాన్ని మించుతుంది. అంత తలం కొన్నిచోట్ల పదిహేను మీటర్లకు పైగా జారింది. ఒక జిల్లాకూ ఒక రాష్ట్రానికీ ఉన్న తేడాయే ఆ రెండు అంకెల నడుమ తేడా. శక్తిలో అరవై రెట్ల పైచిలుకు.

పరికరాలతో కొలవడం మొదలైన తరువాత 9.0 గాని అంతకు మించి గాని వచ్చినవి అయిదు: 1952లో కామ్చాట్కా, 1960లో చిలీ, 1964లో అలాస్కా, 2004లో సుమత్రా, 2011లో జపాన్. అయిదూ దూరుడు అంచులవే. చిలీది 9.5, దానిని మించినది నేటికీ నమోదు కాలేదు. ఒరపిడి పగుళ్ళలో 9 ముట్టినది ఒక్కటీ లేదు.

"మరి ఆ రోజు 8.6 అన్నావే, అది ఏ రకం?" అని అక్కయ్య అడిగింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి సరిగ్గా ముడి దగ్గరకే వచ్చింది.

అది ఒరపిడి రకం. పరికరాలు నమోదు చేసిన ఒరపిడి భూకంపాలలో అదే అన్నిటికన్నా పెద్దది. శాస్త్రజ్ఞులే ఆశ్చర్యపోయారు. అది దూరుడు అంచు మీద రాలేదు. దానికి పడమరగా, బందా అచేకు నైరుతి దిక్కున నాలుగు వందల కిలోమీటర్ల పైన, నడిసముద్రంలో వచ్చింది. అంటే కిందికి దూరబోయే ఫలకం, దూరకముందే, తన ఒంటిలోనే పగిలింది. అదీ ఒక్క పగులు కాదు. ఒకదానికొకటి అడ్డంగా, చాపలో పడుగూ పేకా వలె ఉన్న పగుళ్ళు కనీసం నాలుగు, ఒకదాని వెంట ఒకటి తెగాయి. సముద్రపు అడుగున ఉన్న ఆ శిల పాతది, చల్లనిది, గట్టిది. అందువలన ఖండాల కింద వలె ఇరవై కిలోమీటర్లకు ఆగక మరెంతో లోతుకు పగిలింది. గోడ ఎత్తు పెరిగింది, గోడలూ ఎక్కువయ్యాయి, అందుకే 8.6. 2004 నాటి కదలిక వలన ఆ ప్రాంతపు శిలల మీద పెరిగిన ఒత్తిడి కూడా దీనికి తోడైనదని అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇక్కడ నన్ను ఆపి ఆలోచింపజేసిన సంగతి ఒకటున్నది. సుమత్రా కింద దూరే నేలా, ఈ కారంపూడి నేలా వేరు కాదు. రెండూ భారత ఫలకమే. మనం కూర్చున్న బండకు తూర్పు చివర అక్కడ ఉన్నది.

అయితే సముద్రం ఎందుకు రాలేదు? దూరుడు అంచు వద్ద పైనున్న ఫలకం కిందిదానికి అంటుకుపోయి, శతాబ్దాల తరబడి లోపలికి వంగుతూ ఉంటుంది. పట్టు తెగిన క్షణాన విల్లు వదలినట్లు పైకి లేస్తుంది. 2004లో సముద్రపు అడుగు కొన్ని మీటర్లు లేచింది. దానితోపాటు మీదనున్న నీరంతా, కిలోమీటర్ల లోతు నీరు, లేచింది. లేచిన నీరు పల్లానికి పోక తప్పదు. అదే సునామీ. ఒరపిడి పగులులో అడుగు పక్కకు జరుగుతుంది. నీటి కింద నుంచి పళ్ళెం పక్కకు లాగినట్లే గాని, నీటిని ఎత్తినట్లు కాదు. అందుకే 2012లో సుమత్రా తీరాన సైతం అల ఎత్తు మీటరు దరిదాపులకే పరిమితమైంది. మన తీరానికి వచ్చేసరికి కంటికి ఆననంత. ఆ రోజు మృతులు పదిమంది వరకు. వారిలో చాలామంది భయంతో గుండె ఆగినవారు.

ఇంతవరకు విని అక్కయ్య, "అయితే ఒరపిడి మంచిది, దూరుడు చెడ్డదన్నమాట" అన్నది. నేను భయపడినది ఆ ముగింపుకే.

ఒరపిడి పగులు బలంలో చిన్నదైనా అది ఊళ్ళ కిందనే, నేలకు దగ్గరగా ఉంటుంది. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో వచ్చినది ఆ రకమే, 7.8. మన 2012 నాటి దానిలో పదహారో వంతు శక్తి. ఆ ఒక్క దేశంలోనే యాభై వేలమందికి పైగా చనిపోయారు. 2025 మార్చి 28న మయన్మారులో సగాయింగ్ పగులు కదలినప్పుడు 7.7, అక్కడా మృతులు వేలలో. శక్తి వేరు, నాశం వేరు. ఎంత శక్తి అన్నది పగిలిన తలాన్ని బట్టి; ఎంత నాశం అన్నది దాని మీద ఎవరు, ఎటువంటి ఇళ్ళలో ఉన్నారన్న దానిని బట్టి. సునామీ విషయంలోనూ "ఒరపిడి గనుక నిశ్చింత" అనడానికి వీలు లేదు. 2018 సెప్టెంబరు 28న ఇండోనేషియాలోని పాలు నగరం వద్ద 7.5 ఒరపిడి భూకంపమే వచ్చింది. అయినా ఆ ఇరుకైన అఖాతంలోకి సునామీ వచ్చింది.

"ఇదంతా నీకు ఇప్పుడు తెలిసింది. ఆ రోజు తెలిసి ఉంటే నాకు ఫోను చేసేవాడివా, చేయకపోదువా?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. తరువాత చెప్పినది ఇది.

భూకంపం రాగానే మొదటి నిమిషాలలో తెలిసేవి చోటు, లోతు, పరిమాణం. ఏ పక్కకు జారింది, లేచిందా ఒరిసిందా అన్నది తేలడానికి మరికొంత సమయం పడుతుంది. 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సంస్థలో మన సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2012 ఏప్రిల్ 11న వారు కొద్ది నిమిషాలలోనే సమాచారం పంపారు. సముద్రపు అడుగున పీడనాన్ని కొలిచే పరికరాలూ, తీరాలలో నీటిమట్టాన్ని చూసే పరికరాలూ అల చిన్నదని చెప్పిన తరువాత హెచ్చరికను ఉపసంహరించారు. ఆ నడుమ ఉన్న కొద్ది గంటలూ ఎవరికీ పూర్తిగా తెలియని గంటలు. 2004లో మనకు లేనివి ఆ గంటలే. రెండున్నర గంటలు సముద్రం మీద నీరు పరుగెత్తుతూ వస్తూ ఉంటే, తీరాన ఉన్నవారు పౌర్ణమి స్నానాలు చేస్తున్నారు. ఎవరైనా ఒక్కరు ఫోను చేసి ఉంటే తోటికోడలు ఈపాటికి మన పక్కన చాప మీద కూర్చొని ఉండేది.

"కాబట్టి అక్కయ్యా, ఆ రోజు ఇదంతా తెలిసి ఉన్నా ఫోను చేసేవాడినే. రేపు వచ్చినా చేస్తాను. పదిసార్లు వృథా అయినా పదకొండోసారి చేస్తాను. సముద్రం రాకపోవడం హెచ్చరిక అబద్ధమైనందువలన కాదు; ఆ రోజు నేల పక్కకు జరిగింది, పైకి లేవలేదు. ఏది జరుగుతుందో ముందు తెలియదు కనుకనే కదలాలి. గేదె సంగతి మాత్రం నాదే తప్పు. ఏమీ తీసుకోవద్దన్నాను. రెండు గంటల వ్యవధి ఉన్నదని ఎరుగక తొందరపెట్టాను."

అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. వీరుల గుడి వైపు నుంచి డప్పుల మోత వస్తూనే ఉన్నది. తోటికోడలి మాట ఎత్తినందుకు నొచ్చుకొన్నదేమో అనుకొన్నాను. చివరకు చాప మీద వాలుతూ, దుప్పటి ముఖం దాకా లాక్కొని అన్నది:

"సరే, చెయ్యి. ఈసారి గేదెను కూడా తోలుకొనే పోతాను."